దక్కిన కాలును ఇంటి దగ్గర ఎవరు చూస్తారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్యశాఖ మంత్రులకు

అయ్యా,

కాలి రక్తనాళాలకు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లినవాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. రక్తనాళాల శస్త్రచికిత్స వార్డులో చాలా ఏళ్లు నర్సుగా, తర్వాత హెడ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి కాలు వాచినా ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. వాళ్ల కాళ్లు చూస్తుంటే నాకు అర్థమవుతున్నది ఒక్కటే. ఆపరేషన్ చేయించే దారి మనం వేశాం, ఆ తర్వాతి దారి వేయలేదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, కాలి బైపాస్ ఖర్చు వినగానే వెనక్కి తిరిగిపోయే కుటుంబాలు ఆపరేషన్ థియేటర్ దాకా రాగలిగాయి. ఆ మేలు నేను కళ్లారా చూశాను. పుండు మానక, రాత్రిళ్లు నిద్ర లేక, కాలు తీసేయమని తామే బతిమాలిన మనుషులు రెండు కాళ్ల మీద నడిచి బస్సెక్కారు. మా వార్డులో ఉండేవాళ్లు ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. పదేళ్లుగా షుగరు ముదిరిన ఆడవాళ్లు, చిన్నప్పటి నుంచి బీడీలూ చుట్టలూ కాల్చిన మగవాళ్లు, బండి మీద పోతూ ప్రమాదంలో మోకాలి వెనక నాళం తెగిన కుర్రాళ్లు. తొడలోంచి మోకాలి కిందికి సొంత సిరతోనే రక్తానికి కొత్త దారి వేసే పద్ధతిని 1948లో పారిస్‌లో కూన్లిన్ చేసి చూపాడు. నాళంలో ఇరుక్కున్న గడ్డను బుడగ గొట్టంతో లాగేసే ఫోగర్టీ పద్ధతి 1963 నాటిది. అంటే ఈ ఆపరేషన్లు మనకు కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవలసిందల్లా ఆ తర్వాతి వారాల్లో కాలిని ఎలా చూసుకోవాలన్నదే.

ముందు మామూలు వాపు సంగతి చెబుతాను. ఇళ్లలో ఎక్కువ భయం పుట్టించేది అదే.

బైపాస్ అయిన కాలు చాలామందికి వాస్తుంది. పడుకుని ఉన్నన్ని రోజులూ తెలియదు. లేచి నాలుగడుగులు వేశాక పాదం, చీలమండ, పిక్క నీరు పట్టి బరువెక్కుతాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. గజ్జలోనూ, సిర తీసిన చోట తొడ పొడవునా కోత పెట్టినప్పుడు, ఒంట్లోని నీటిని వెనక్కి తీసుకుపోయే లింఫ్ నాళాలు కొన్ని తెగుతాయి. మరోవైపు ఏళ్ల తరబడి చాలీచాలని రక్తంతో బతికిన కాలికి ఇప్పుడు ధారాళంగా రక్తం వస్తుంది. సన్నని నాళాలు ఆ ఉధృతికి అలవాటుపడేదాకా నీరు బయటికి ఊరుతూనే ఉంటుంది. రెండు మూడు నెలల్లో చాలామందికి తగ్గిపోతుంది. ఇంత చిన్న మాట డిశ్చార్జ్ రోజు నిదానంగా కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేక, ఆపరేషన్ చెడిపోయిందని ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. కోస్తా ఊళ్లలోనైతే పొరుగువాళ్లు చూసి బోదకాలు అంటారు. ఆ మాటకు భయపడి పెళ్లికీ పేరంటానికీ వెళ్లడం మానేసిన ఆడవాళ్లు నాకు తెలుసు.

డాక్టర్లు కూడా తరచు అడగని విషయం ఒకటుంది. కాలికి రక్తం అందనప్పుడు రాత్రిపూట పడుకుంటే నొప్పి పెరుగుతుంది, కాలు కిందికి వేలాడేస్తే కాస్త హాయిగా ఉంటుంది. అందుకని వీళ్లు నెలల తరబడి మంచం పట్టె మీంచి కాలు వేలాడేసుకుని, లేదంటే కుర్చీలో కూర్చుని నిద్రపోతారు. ఆపరేషన్ అయ్యి ఆ నొప్పి పోయినా అలవాటు పోదు. ఇంటికెళ్లి మళ్లీ అలాగే పడుకుంటారు, తెల్లారేసరికి కాలు రెట్టింపు అవుతుంది. "పెద్దయ్యా, ఇప్పుడు రక్తం దానంతటదే కిందికి పోతుంది, కాలు పైన పెట్టి పడుకో" అని చెప్పిన కొన్నాళ్లకే సగం వాపు తీసినవాళ్లను చూశాను.

పడుకున్నప్పుడు పిక్క కింద దిండు పెట్టి, కాలును గుండె కన్నా కాస్త ఎత్తులో ఉంచాలి. రోజూ కొంచెం కొంచెంగా నడవాలి, పిక్క కండరం కదిలితేనే నీరు పైకి ఎక్కుతుంది. కాళ్లు వేలాడేసుకుని గంటల తరబడి కూర్చోవడం అన్నిటికన్నా చేటు. ఇందులో మందుల ఖర్చేమీ లేదు. కానీ మన ఇళ్లలో ఉండేది నులక మంచం. మధ్యలో కుంగి నడుము దిగిపోతుంది, మోకాళ్లు ముడుచుకుంటాయి, మడమలు పోయి పట్టెకు ఆనుకుంటాయి. దాని మీద ఎన్ని దిండ్లు వేసినా లాభం లేదు. నేల మీద పరుపు వేయించడమో, బల్లచెక్క వేయించడమో చెప్పాలి. ఇక డిశ్చార్జ్ రోజు ప్రయాణం. రక్తనాళాల నిపుణులు చాలావరకు హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి పెద్ద నగరాల్లోనే ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. విశాఖ నుంచి ఇచ్ఛాపురం 200 కిలోమీటర్ల పైమాటే. కుట్లు ఆరని కాలు వేలాడేసుకుని అంత దూరం బస్సులో కూర్చున్న మనిషి ఇంట్లో దిగేసరికి కాలు ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

అక్కడి నుంచి ఇంటి వైద్యం మొదలవుతుంది. వాపుకు వేడినీళ్ల కాపడం పెడతారు. షుగరుతో స్పర్శ పోయిన పాదానికి ఆ వేడి తెలియదు, పొద్దునకు బొబ్బలు లేస్తాయి. నూనె రాసి గట్టిగా మర్దనా చేస్తారు. లోపల గడ్డ ఉంటే ఆ మర్దనా ప్రాణం మీదికి తెస్తుంది. కొందరు వాపు తగ్గాలని మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు కొని మింగుతారు. గుండెకో కిడ్నీకో జబ్బు ఉంటే తప్ప ఈ వాపుకు ఆ మాత్రలు మందు కావు. ఒక్కోసారి కారణం బీపీ మాత్ర అయి ఉంటుంది. ఆమ్లోడిపిన్ వాడే కొందరికి రెండు పాదాలూ వాస్తాయి. రెండు కాళ్లూ సమానంగా వాచాయా, ఒక్కటేనా అని అడిగితే చాలు, సగం విషయం తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నాకు దడ పుట్టించేది బిగుతు మేజోళ్లు. మందుల షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు, చీటీ అక్కర్లేదు. కాలు వాచిందంటే చాలు, ఒకరు క్రేప్ బ్యాండేజ్ చుడతారు, ఇంకొకరు స్టాకింగ్ తొడుగుతారు. సిరల జబ్బుతో వచ్చిన వాపుకు అది మంచి వైద్యమే, కాదనను. కానీ ధమనులు మూసుకుపోయిన కాలికి, బైపాస్ సరిగా పనిచేయని కాలికి, ఆ బిగుతే ఉన్న కాస్త రక్తాన్నీ ఆపేస్తుంది. నాకు తెలిసిన ఒక రైతుకు బైపాస్ బాగానే అయింది. ఊళ్లో వాపు చూసి కాలికి పట్టీ బిగించి కట్టారు. అది విప్పకుండా రెండు రాత్రులు ఉంచారు. విప్పేసరికి మడమ, చీలమండ ఎముక మీది చర్మం నల్లబడి ఉంది. కట్టినవాళ్లది దురుద్దేశం కాదు. కట్టవచ్చో కట్టకూడదో తేల్చే అంకె వాళ్ల దగ్గర లేదు, అంతే.

ఆ అంకె కనుక్కోవడం కష్టమేమీ కాదు. చేతికి చూసినట్టే చీలమండ దగ్గరా బీపీ చూడాలి. స్టెతస్కోప్ బదులు జేబులో పట్టే డాప్లర్ యంత్రం ఉండాలి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే ఆరోగ్యంగా ఉన్న కాలికి 1కి అటూ ఇటూగా వస్తుంది. 0.9 కన్నా తగ్గితే నాళాల్లో అడ్డు ఉన్నట్టు. 0.6 కన్నా దిగితేనో, చీలమండ బీపీ 60 మిల్లీమీటర్ల లోపు ఉంటేనో ఆ కాలికి బిగుతు మేజోడు తొడగకూడదు. షుగరు ఉన్నవాళ్లలో నాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. వాళ్లకు బొటనవేలి దగ్గర ఒత్తిడి చూడాలి, అది 30 కన్నా తక్కువైతే ప్రమాదం. బైపాస్ సిర చర్మం కిందుగా పైపైనే వెళ్తుంటే, అంకె బాగున్నా ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పకుండా ఏమీ చుట్టకూడదు. చుట్టమని చెబితే, కాలిని కొలిచి, సరైన సైజులో ఇచ్చి, పొద్దున తొడుక్కుని రాత్రి విప్పి చర్మం చూసుకోవడం నేర్పాలి. నర్సింగ్ చదివిన ఏ అమ్మాయికైనా ఈ పని ఒక్క పూటలో నేర్పవచ్చు.

వాపులన్నీ మామూలువి కావు. ఒక్క పిక్క ఉన్నట్టుండి వాచి, నొప్పితో వెచ్చగా ఉంటే సిరలో గడ్డ కట్టిందేమో చూడాలి. అది ఊపిరితిత్తులకు చేరితే మనిషి దక్కడు. ఎర్రబారి జ్వరం వస్తే చీము పడుతోందేమో చూడాలి. కాలు చల్లబడి పాలిపోతే బైపాస్ మూసుకుపోయినట్టే లెక్క, ఆ రాత్రే బయల్దేరాలి. వీటికి డాప్లర్ స్కాన్, మందులు, నిపుణులు కావాలి. ఇంట్లోవాళ్లు చేయగలిగింది గుర్తుపట్టడం, ఆలస్యం చేయకపోవడం.

ఇక ఆస్పత్రిలోనే, ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వచ్చే వాపు ఒకటుంది. మోకాలి కింద కండరాలు నాలుగు అరలుగా ఉంటాయి. ఒక్కో అర చుట్టూ సాగని పొర బిగిసి ఉంటుంది. గంటల తరబడి రక్తం అందని కండరానికి ఒక్కసారిగా రక్తం వచ్చేసరికి దెబ్బతిన్న సన్నని నాళాల్లోంచి నీరు ఊరి కండరం ఉబ్బుతుంది. పొర సాగదు. నిండా దూది ఉన్న దిండు గలీబులో ఇంకా దూది కుక్కినట్టు లోపల ఒత్తిడి పెరుగుతూ పోతుంది. మామూలుగా 10 మిల్లీమీటర్ల లోపే ఉండాల్సిన ఆ ఒత్తిడి, రోగి బీపీలోని కింది అంకెకు 30 మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చిందంటే కండరానికి రక్తం అందడం ఆగిపోతుంది. పెద్ద నాళంలో రక్తం పారుతూనే ఉంటుంది, పాదం మీద నాడి కొడుతూనే ఉంటుంది, లోపల కండరం మాత్రం చచ్చిపోతూ ఉంటుంది. నాడి ఉంది కదా అని నిశ్చింతగా ఉండటం వల్లే కాళ్లు పోతాయి.

ప్రమాదంలో మోకాలు పక్కకు తప్పి, వెనక నాళం తెగిన ఒక కుర్రాణ్ని మా వార్డుకు తెచ్చారు. ఊరి నుంచి ఒక ఆస్పత్రికి, అక్కడి నుంచి ఇంకోదానికి తిరిగి మా దగ్గరికి చేరేసరికి చాలా గంటలు గడిచాయి. నాళం అతికారు, పాదం ఎర్రబడింది, అందరం సంతోషించాం. అర్ధరాత్రి వాళ్లమ్మ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "సిస్టరమ్మా, ఆపరేషన్ కాకముందు కూడా పిల్లోడు ఇంత ఏడవలేదమ్మా" అంది. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి గంట కాలేదు. కాలివేళ్లు మెల్లగా వంచితే కేక పెట్టాడు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తాకితే తెలియడం లేదన్నాడు. పిక్క రాయిలా ఉంది. నాడి బాగానే ఉంది. కట్లన్నీ విప్పించి డాక్టరుకు ఫోన్ చేశాం. తెల్లవారకముందే మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి, కాలికి రెండు వైపులా పొడవునా కోసి నాలుగు అరలూ తెరిచారు. కండరం ఒక్కసారిగా బయటికి ఉబికింది, కాసేపటికి దాని రంగు తేరుకుంది. ఆ గాయాలు తెరిచి ఉంచినన్నాళ్లు ఆ తల్లి చూడలేక ముఖం తిప్పుకునేది. తర్వాత చర్మం అతికించారు. ఆ అబ్బాయి కాస్త కుంటుతాడు గానీ ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

ఆ తల్లి మాటను ఎవరైనా నొప్పి ఇంజెక్షన్‌తో సరిపెట్టి ఉంటే, పొద్దున రౌండ్స్ దాకా ఆగి ఉంటే, ఆ కాలు ఉండేది కాదు. చచ్చిన కండరంలోంచి వచ్చే విషాలు కిడ్నీలను కూడా దెబ్బతీస్తాయి, మూత్రం ముదురు గోధుమరంగులోకి మారుతుంది. రక్తం అందకుండా ఆరు గంటలు దాటిన కాలికైతే నాళం అతికేటప్పుడే ఈ పొరలు కూడా కోసేయడం మంచిది. వెన్నులో మత్తు ఉన్నవాళ్లు, షుగరుతో స్పర్శ పోయినవాళ్లు నొప్పి చెప్పలేరు. వాళ్లను గంట గంటకూ తాకి చూడాల్సిందే. ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ వాపులో కాలు పైకెత్తి పెట్టకూడదు, గుండెకు సమానంగా ఉంచాలి. ఎత్తితే అందే కాస్త రక్తమూ తగ్గుతుంది. ఇంటికెళ్లాక వచ్చే వాపుకు ఎత్తాలి, ఆస్పత్రిలో వచ్చే ఈ వాపుకు ఎత్తకూడదు. ఈ తేడా తెలియని సిబ్బంది మంచి మనసుతోనే కాలు కింద దిండ్లు పేర్చుతారు.

మడమ గురించి కూడా చెప్పాలి. దాన్ని ఎవరూ చూడరు. కేశనాళికల్లో ధమని వైపు కొస దగ్గర ఒత్తిడి సగటున 32 మిల్లీమీటర్లని లాండిస్ 1930లోనే కొలిచి చూపాడు. పరుపుకు ఆనిన మడమ మీద అంతకన్నా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడు తెలియకుండానే కాలు కదుపుతాడు. మత్తులో ఉన్నవాడు, నొప్పికి కదలనివాడు కదపలేడు. పైగా వీళ్ల కాళ్లకు రక్తమే తక్కువ. కాబట్టి ఆపరేషన్ చేయని రెండో కాలి మడమకు కూడా పడక పుండు పడుతుంది. ముందు ఎర్రటి మచ్చ, నొక్కితే తెల్లబడదు. రెండు రోజుల్లో బొబ్బ, ఆ తర్వాత నల్లటి పెచ్చు. లక్షల ఖర్చుతో రక్తం తెచ్చిన కాలు ఈ మడమ పుండుతో మళ్లీ చీము పట్టి పోతుంది. నివారణకు కావాల్సింది పిక్క పొడవునా ఒక దిండు, మడమ గాల్లో తేలేట్టు. చేతి గ్లవ్‌లో నీళ్లు నింపి మడమ కింద పెట్టే అలవాటు మన వార్డుల్లో ఇంకా ఉంది, దానివల్ల ప్రయోజనం లేదు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, ప్రతి షిఫ్టులో దుప్పటి తీసి రెండు మడమలూ చూడటం, చూసింది కేస్ షీటులో రాయడం, వీటికి మించిన యంత్రం లేదు. కానీ ఒక్క నర్సు మీద వార్డు మొత్తం వదిలేస్తే దుప్పటి తీసే తీరిక ఆమెకెక్కడిది? నర్సుల ఖాళీలు నింపమని నేను అడిగేది మా వాళ్ల జీతాల కోసం కాదు, ఆ మడమల కోసం.

అయ్యా, ఇప్పుడు నా కోరికలు. కాలి నాళాల ఆపరేషన్ అయిన ప్రతి మనిషి చేతికీ డిశ్చార్జ్ కాగితంతో పాటు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక పేజీ ఇప్పించండి. కాలు ఎలా పెట్టుకోవాలి, ఏ వాపు మామూలు, ఏది వస్తే ఆ రాత్రే బయల్దేరాలి అన్నది అందులో బొమ్మలతో ఉండాలి. చదువు రానివాళ్లకు ఆరోగ్యమిత్రలు చదివి వినిపించాలి. కింద ఆ వార్డు ఫోన్ నంబరు ఉండాలి, రాత్రి చేసినా ఎవరో ఒకరు ఎత్తాలి. 104కు ఫోన్ చేసినవాళ్లను కూడా ఆ వార్డుకు కలపవచ్చు.

ప్రతి ఏరియా ఆస్పత్రికీ ఒక చేతి డాప్లర్ ఇప్పించండి. పెద్ద స్కాన్ యంత్రాల ధరతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. పల్లె దవాఖానాల్లో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ఉన్న అమ్మాయిలు ఇప్పటికే ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూస్తున్నారు. ఆపరేషన్ అయి ఊరికి వచ్చినవాళ్ల పేర్లు వాళ్లకు పంపితే మొదటి వారంలోనే వెళ్లి కాలు, మడమ చూసి ఏరియా ఆస్పత్రికి పంపగలరు. చీలమండ బీపీ అంకె చూడకుండా ఎవరూ కాలికి బిగుతు కట్టు కట్టకూడదని ఆదేశం ఇవ్వండి. కొలిచి ఇచ్చే మేజోళ్లనూ, రెండు మూడు నెలల తనిఖీలనూ ప్యాకేజీలో చేర్చండి. కాలు దక్కించుకోవడానికి లక్షలు ఇస్తున్న ప్రభుత్వానికి ఇది భారం కాదు.

జిల్లా ఆస్పత్రుల్లో సర్జన్లూ, ఎముకల డాక్టర్లూ ఉన్నారు, కాలి పొరలు కోయడం వాళ్లకు చేతనైన పనే. చేయవలసి వచ్చినప్పుడు పెద్ద ఆస్పత్రికి పంపేద్దామని వెనుకాడకుండా, పంపే ముందే చేసేలా వాళ్లకు ధైర్యం ఇవ్వండి, శిక్షణ ఇవ్వండి. ప్రయాణంలో పోయే గంటల్లోనే కండరం పోతుంది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు పిక్క గట్టిపడిందని ఫోన్ చేస్తే డాక్టరు వచ్చి చూసి తీరాలన్న నియమం పెట్టండి. నర్సు మాటను, పక్కన కూర్చున్న తల్లి మాటను కేస్ షీటులో రాయించండి.

ఈ పేజీ రాయడానికి, డాప్లర్ పట్టుకోవడం నేర్పడానికి నాలాంటి రిటైరైన నర్సులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. జీతం అడగం. ముందుగా ఒక్క జిల్లా ఇవ్వండి. ఆదిలాబాద్ అయినా, శ్రీకాకుళం అయినా, దూరం ఎక్కువ ఉన్నదే ఇవ్వండి. అక్కడికి వచ్చి మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
రక్తనాళాల వార్డులో పనిచేసి రిటైరైన ఒక హెడ్ నర్సు